ఒకటో తరగతి సీటు ఇవ్వలేదు: ఎవరిని అడగొచ్చు, ఏమని అడగొచ్చు

జూన్ వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టరేట్లలో సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి భూముల అర్జీలతో పాటు పిల్లల బడి సీట్ల అర్జీలు కూడా వస్తుంటాయి. వాటి మీద ఉండే మాట దాదాపు ఒకటే: "మా పాపకు సీటు ఇప్పించగలరని మనవి". వెనక ఉన్న సంగతులకు మాత్రం ఒకదానికొకటి పోలికే ఉండదు. ఒకరి పాప పేరు లక్కీ డ్రాలో రాలేదు. ఒకరి దరఖాస్తు డ్రా దాకా పోకముందే రిజెక్ట్ అయింది. ఒక ప్రైవేటు బడి వాళ్లు పిల్లాణ్ని ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడిగి, "మా దగ్గర కష్టమండీ" అని పంపేశారు. ముంబయి నుంచి తిరిగొచ్చిన ఒక కుటుంబానికైతే టీసీ లేదని బడిలో పేరే రాసుకోలేదు.

అందుకే "అప్పీలు చేస్తే సీటు వస్తదా?" అని ఎవరైనా అడిగితే అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పడం కుదరదు. విద్యాహక్కు చట్టం పిల్లలకు బడిని హక్కుగా ఇచ్చింది, మనకు నచ్చిన బడిని మాత్రం ఇవ్వలేదు. మన ఫిర్యాదు ఈ రెండింట్లో ఎటువైపు పడుతుందో దాన్నిబట్టే దాని బలం.

చట్టం గట్టిగా ఇచ్చేది ఊరి బడిని

2002లో 86వ రాజ్యాంగ సవరణతో 21ఏ అధికరణం వచ్చింది, దాన్ని ఆచరణలోకి తెచ్చే విద్యాహక్కు చట్టం 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇంటికి దగ్గర్లో ఉచితంగా చదువు అందాలి. నిబంధనల ప్రకారం దగ్గర అంటే ప్రాథమిక తరగతులకు ఒక కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మూడు కిలోమీటర్లు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ పరిధిలో ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల "సీట్లు నిండిపోయాయి" అని చెప్పడానికి వీల్లేదు. దేవరకొండ వైపు ఒక తండా బడిలో 58 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ఉన్నారనుకుందాం. కొత్తగా ఐదుగురు చేరితే 63 అవుతారు. చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు టీచర్లుండాలి. అంటే పిల్లలు పెరిగితే టీచర్‌ను పెంచాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, ఆ ఐదుగురిని వెనక్కి పంపే అధికారం బడికి లేదు. మూడో టీచర్ నిజంగా వస్తారా అన్నది వేరే బాధ, డిప్యుటేషన్ల చరిత్ర తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ అడ్మిషన్ వరకైతే తల్లిదండ్రుల చేతిలో ఉన్న అత్యంత బలమైన హక్కు ఇదే. చిత్రమేమిటంటే దీని కోసం అర్జీ పెట్టేవాళ్లు తక్కువ. గొడవంతా పరిమితంగా సీట్లున్న చోటే, అంటే కేంద్రీయ విద్యాలయం, బెస్ట్ అవైలబుల్ స్కూల్, పేరున్న ప్రైవేటు బడి దగ్గరే జరుగుతుంది.

డ్రాలో పేరు రాకపోతే దేన్ని ప్రశ్నించొచ్చు

ఎస్సీ పిల్లలను ప్రభుత్వ ఖర్చుతో ప్రైవేటు బడిలో చదివించే పథకమే బెస్ట్ అవైలబుల్ స్కూల్స్. ఒకటో తరగతిలో డే స్కాలర్‌గా, ఐదో తరగతిలో హాస్టల్‌తో ప్రవేశం ఉంటుంది. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ కాబట్టి కలెక్టరేట్‌లో లాటరీ తీస్తారు. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. 100 అర్హమైన దరఖాస్తులు, 20 సీట్లు. అందరి ముందూ చీటీలు తీశారు, మన పాప పేరు రాలేదు. దీని మీద అప్పీలు చేయడానికి ఏముంది? తప్పు నిర్ణయం తీసుకున్న మనిషే లేడక్కడ. "మా కుటుంబ పరిస్థితి ఇంకా ఘోరం సార్" అన్న మాట నిజమే కావచ్చు, కానీ లాటరీ పెట్టిందే అలాంటి వంద నిజాల్లో ఎవరిది పెద్దదో తూచలేక. ఒకరికి జాలిపడి ఇస్తే పేరొచ్చిన ఇంకొకరి సీటు తీయాలి. అధికారులు ఇక్కడ మొండిగా ఉంటారని తిట్టుకుంటాం గానీ, ఆ మొండితనం లేకపోతే పైరవీ ఉన్నవాళ్లే గెలుస్తారు.

ఇప్పుడు రెండో సంగతి. మిర్యాలగూడ పక్క ఊరొకటి మున్సిపాలిటీలో కలిసింది. అక్కడి తండ్రి ఆదాయం 1,80,000. ఆదాయ ధ్రువపత్రంలో పాత గ్రామం పేరే ఉండటంతో గ్రామీణ పరిమితి చూసి దరఖాస్తును పక్కన పెట్టారు. పట్టణ పరిమితి చూస్తే ఆయన అర్హుడు. ఇది ప్రశ్నించదగ్గ నిర్ణయం, ఎందుకంటే ఒక మనిషి ఒక కాగితం చూసి తప్పు గీత గీశాడు. డ్రాకు ముందే పట్టుకుంటే సరిదిద్దడం తేలిక, పేరు జాబితాలో చేరుస్తారు, అంతే.

డ్రా అయిపోయాక బయటపడితేనే అసలు చిక్కు. ఆ పాప కోల్పోయింది సీటునా? కచ్చితంగా చూస్తే కాదు, పోయింది సీటు వచ్చే అవకాశం. జాబితాలో ఉండి ఉంటే 101 మందిలో 20 మందికి, అంటే దాదాపు ఐదింట ఒక వంతు. కాబట్టి తప్పు జరిగిందని ఒప్పుకున్నా నేరుగా సీటు ఇవ్వాలనే వాదన నిలబడటం కష్టం. డ్రా మళ్లీ తీయాలంటే ఇప్పటికే పేరొచ్చిన 20 మందికి అన్యాయం. సీటు ఖాళీ అయితే ముందు పరిశీలించడం, లేదా ఒక సీటు అదనంగా మంజూరు చేయించుకోవడం, ఈ రెండే కాస్త న్యాయంగా కనిపించే దారులు. రెండూ అధికారి విచక్షణ మీద ఆధారపడ్డవే.

ఇంగ్లండ్‌లో ఉన్న మన బంధువులు "ఇక్కడైతే అప్పీల్ ప్యానెల్ ఉంటది, మీరూ వేయండి" అని చెప్తుంటారు. నిజమే, అక్కడ బడి సీటు నిరాకరిస్తే బడికీ, అడ్మిషన్ ఇచ్చే సంస్థకూ సంబంధం లేని కనీసం ముగ్గురు సభ్యుల స్వతంత్ర ప్యానెల్ వింటుంది, దాని తీర్పుకు బడి కట్టుబడాలి. మనకు అలాంటిది లేదు, ఉంటే బాగుండేది. కానీ అక్కడ కూడా చిన్న తరగతుల్లో ఒక టీచర్‌కు 30 మందికి మించకూడదన్న పరిమితి ఉంది. ఆ పరిమితి వల్ల సీటు పోయినప్పుడు ప్యానెల్ చూసేది ప్రధానంగా నిబంధన తప్పారా, తప్పకపోతే ఈ పిల్లకు సీటు వచ్చేదా, నిర్ణయం బొత్తిగా అర్థంలేనిదా అన్నవే. "మాకు ఆ బడే కావాలి" అన్న కోరిక ఒక్కటే చాలదు. మిర్యాలగూడ ఉదాహరణలో మనం తేల్చుకోలేక ఆగింది కూడా ఆ రెండో ప్రశ్న దగ్గరే.

వయసు దగ్గర ఎందుకింత తికమక

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో కేంద్రీయ విద్యాలయాలున్నాయి. అక్కడ ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి. ఏప్రిల్ 1న పుట్టినవాళ్లను కూడా తీసుకుంటారు. 2020 ఏప్రిల్ 10న పుట్టిన బాబుకు 2026 మార్చి 31 నాటికి ఐదేళ్ల పదకొండు నెలలు దాటతాయి గానీ ఆరు నిండవు. పది రోజుల తేడా. తల్లికి ఇది అన్యాయంగా కనిపించడం సహజం, కానీ ఎక్కడ గీత గీసినా దానికి అటు పక్కన ఒక పిల్లాడు ఉంటాడు. ఈ ఆరేళ్ల నిబంధనను సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం దక్కలేదు.

తికమక ఎక్కడంటే, అదే బాబు పక్క వీధిలోని ప్రభుత్వ బడిలో ఐదేళ్లకే ఒకటో తరగతిలో చేరే పద్ధతి తెలంగాణలో చాలాకాలంగా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరేళ్లు అంటుంది, కేంద్రం రాష్ట్రాలకు లేఖలు కూడా రాసింది. ఆరేళ్లే సరైందనేవాళ్లు, పలక పట్టే వేళ్లు గట్టిపడకముందే రాతపని మీదేస్తే చదువంటే భయం పుడుతుందంటారు. ఐదేళ్లే ఉండాలనేవాళ్ల మాటలోనూ బలముంది. ఊళ్లో మంచి ప్రీ-ప్రైమరీ లేనప్పుడు ఆ ఏడాది పిల్లలు ఇంట్లో ఉండిపోతారు, లేదా ఫీజు కట్టి యూకేజీకి పోతారు, కూలి పనికి వెళ్లే తల్లికి రెండూ భారమే. ఏది ఒప్పైనా అప్పీలు చేసేవాళ్లకు పట్టింపు ఉండాల్సింది ఒక్కటి: వయసు నిబంధన అందరికీ ఒకటే అయితే దాన్ని మన ఒక్కరి కోసం సడలించే అధికారం బడి ప్రిన్సిపాల్‌కు ఉండదు.

కేవీలో ఇంకో రెండు మెలికలున్నాయి. మామూలు సీట్లలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు ముందు, తర్వాత కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, ఆ తర్వాత రాష్ట్ర ఉద్యోగులు, రాష్ట్ర సంస్థలు, చివర్లో మిగతా అందరూ. ఉద్యోగి గత ఏడేళ్లలో ఎన్నిసార్లు బదిలీ అయ్యారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఆటో నడిపే తండ్రికి ఈ వరసలో ఆశ తక్కువే. ఆయనకు అసలు తలుపు విద్యాహక్కు కింద బలహీన, వెనకబడ్డ వర్గాల పిల్లలకు ఉన్న 25 శాతం సీట్లు, అది లాటరీ. కానీ దానికి దూరం అడ్డం: జిల్లా కేంద్రాల్లో 5 కిలోమీటర్ల లోపు నివాసం ఉండాలి. చిట్యాల నుంచి రోజూ నల్లగొండ తీసుకొస్తామన్నా ఈ సీట్లకు అది పనికిరాదు. ఎంపీల సిఫారసు కోటా 2022లోనే పోయింది కాబట్టి "ఎంపీ లెటర్ ఇప్పిస్తా" అనేవాళ్లు ఇంకా తిరుగుతుంటే వాళ్లకు దండం పెట్టడమే.

కాగితాల పేరుతో వద్దనడం

పాలమూరు వలసల సంగతి తెలిసిందే. కోస్గి, మక్తల్ వైపు నుంచి ముంబయి, పుణె పనులకు పోయిన కుటుంబాలు పండక్కో, వానలు పడ్డాకో తిరిగొస్తే పిల్లల చేతిలో టీసీ ఉండదు, ఒక్కోసారి జనన ధ్రువపత్రం కూడా ఉండదు. ఎనిమిదేళ్ల పాప ఒకటో తరగతి కూడా సరిగా చదవలేదు. ఇక్కడ చట్టం బడి వైపు కాకుండా పాప వైపు గట్టిగా నిలబడుతుంది. వయసు రుజువు లేదని అడ్మిషన్ నిరాకరించకూడదు (సెక్షన్ 14). విద్యాసంవత్సరం మొదలైపోయిందనీ నిరాకరించకూడదు (సెక్షన్ 15). ఎనిమిదేళ్ల పిల్లను ఆ వయసుకు తగ్గ తరగతిలో, అంటే దాదాపు మూడులో చేర్చి, వెనకబడ్డ చదువును ప్రత్యేక శిక్షణతో అందించాలి (సెక్షన్ 4). ఆధార్ లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదని 2018 సెప్టెంబర్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

హెడ్‌మాస్టర్ల ఇబ్బందీ అబద్ధం కాదు. బడుల వివరాలు నమోదు చేసే ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్‌లో ప్రతి పిల్లకూ శాశ్వత నంబరు ఉంటుంది, పాత బడి అక్కడి నుంచి వదలకపోతే కొత్త బడి ఆన్‌లైన్‌లో ఎక్కించలేదు. ఎక్కించకపోతే పాఠ్యపుస్తకాలు, యూనిఫాం లెక్క, మధ్యాహ్న భోజనం లెక్క ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది, సంజాయిషీ ఆయనకే. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రమే ప్రధాన ఆధారమని జనన మరణాల నమోదు చట్టానికి వచ్చిన కొత్త సవరణ చెప్తోంది కాబట్టి రాబోయే ఏళ్లలో ఈ రెండు చట్టాల మధ్య రాపిడి పెరుగుతుందనే నా అనుమానం. కానీ కంప్యూటర్‌లో ఎక్కకపోవడానికీ తరగతిలో కూర్చోనివ్వకపోవడానికీ మధ్య తేడా ఉంది. చట్టం మాట్లాడేది రెండోదాని గురించి.

ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపడం ఇంకో రకం. ప్రభుత్వ బడికి గానీ ఎయిడెడ్ బడికి గానీ మారుతుంటే టీసీ వెంటనే ఇవ్వాలి, అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఒక ప్రైవేటు బడి నుంచి ఇంకో ప్రైవేటు బడికి మారేవాళ్లకు సెక్షన్ 5లో ఈ రక్షణ లేదు. చాలామంది అర్జీలు ఇక్కడే తేలిపోతాయి, చట్టం పేరు రాస్తారు గానీ అది తమకు వర్తించదని తెలియదు. ప్రైవేటు యాజమాన్యాలు మాత్రం ఏడాదంతా చదువు చెప్పించుకుని ఫీజు ఎగ్గొడితే మా చేతిలో ఉన్న ఒకే తాళం టీసీ అంటాయి. బాకీ నిజమే అయినా అది పెద్దల మధ్య అప్పు, వసూలుకు వేరే దారులున్నాయి. ఏడేళ్ల పిల్ల చదువును తాకట్టు పెట్టుకోవడం నాకైతే సమర్థించబుద్ధి కాదు.

ప్రైవేటు బడి ఇంటర్వ్యూ పెట్టి వద్దంటే

సెక్షన్ 13 ప్రకారం అడ్మిషన్ కోసం పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 దాకా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. డొనేషన్ తీసుకుంటే తీసుకున్నదానికి పదింతల వరకు. వినడానికి చాలా గట్టిగా ఉంది. దీనికి మూడు తలనొప్పులున్నాయి.

ఒకటి, చట్టంలో "పిల్లలు" అంటే 6 నుంచి 14 ఏళ్ల వాళ్లు. మన దగ్గర పోటీ అంతా నర్సరీ, ఎల్‌కేజీలోనే అయిపోతుంది, ఒకటో తరగతికి వచ్చేసరికి సీట్లు అప్పటికే ఉన్న పిల్లలతో నిండిపోతాయి. 25 శాతం సీట్లను పక్కన పెడితే నర్సరీ అడ్మిషన్లకు ఈ చట్టం వర్తించదని ఢిల్లీ హైకోర్టు 2013లో చెప్పి, దీన్ని సరిచేసే విషయం ప్రభుత్వం ఆలోచించాలంది. రెండు, ఈ నేరం మీద కేసు నడవాలంటే ప్రభుత్వం నియమించిన అధికారి ముందస్తు అనుమతి కావాలి. మూడు, రుజువు. "ఇంటర్వ్యూ లేదండీ, ఊరికే పాపతో మాట్లాడాం" అంటారు.

ఇక 25 శాతం సీట్ల సంగతి. ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో నాలుగో వంతు సీట్లు బలహీన, వెనకబడ్డ వర్గాల పిల్లలకు ఇవ్వాలి, ప్రభుత్వం ఖర్చు తిరిగి చెల్లించాలి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది, 2014లో మైనారిటీ విద్యాసంస్థలను ఈ చట్టం నుంచి మినహాయించింది. ఆంధ్రప్రదేశ్ 2022-23 నుంచి లాటరీతో అమలు చేస్తోంది. కృష్ణకు ఇవతల, మన వైపు మాత్రం ఏళ్ల తరబడి అమలు కాకుండానే గడిచింది, హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు నడిచాయి. ఉపాధ్యాయ సంఘాల్లో చాలామంది ఆ డబ్బేదో సర్కారు బడులకే పెడితే అందరికీ మేలు కదా అంటారు. పేద పిల్లల తల్లిదండ్రులేమో, మీ బడి బాగుపడేదాకా మా పిల్ల చిన్నగానే ఉంటుందా అని అడుగుతారు. యాజమాన్యాలు బకాయిల భయం చెప్తాయి, దానికి ఆధారమూ ఉంది. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ బకాయిలు పేరుకుపోయి 2025లో కొన్ని బడులు దసరా సెలవుల తర్వాత ఆ పిల్లలను లోపలికి రానివ్వలేదు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. సీటు వచ్చినవాళ్లకే ఆ గతి పట్టింది.

వైకల్యం ఉన్న పిల్లల విషయం వేరు, అక్కడ బలం ఎక్కువ. ఆటిజమో వినికిడి లోపమో ఉందని "మీ బాబును భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) చేర్పించండి" అని తప్పించుకునే బడులున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలి. 40 శాతం, ఆపై వైకల్యం ఉంటే 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి దగ్గర చదువు ఎంచుకోవచ్చని విద్యాహక్కు చట్టానికి 2012లో వచ్చిన సవరణ చెప్తుంది, ఎంచుకునేది మాత్రం కుటుంబం, బడి కాదు.

వినేది ఎవరు, ఎంత కాలంలో

విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు స్థానిక అధికార సంస్థకు వెళ్లాలి. పంచాయతీ, మున్సిపాలిటీ, జిల్లా పరిషత్, లేదా ఆ బడి మీద పరిపాలనా అధికారం ఉన్న సంస్థ అని చట్టం అర్థం. ఆచరణలో అందరూ మండల విద్యాధికారి (ఎంఈఓ) దగ్గరికి, అక్కడి నుంచి జిల్లా విద్యాధికారి (డీఈఓ) దగ్గరికి పోతారు. ఇరుపక్షాల మాట విని మూడు నెలల్లో తేల్చాలి. అది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు. ప్రజావాణి ఈ వరసలో భాగం కాదు, అక్కడి అర్జీ మళ్లీ డీఈఓకే చేరుతుంది, అయితే కలెక్టర్ సంతకంతో చేరుతుంది కాబట్టి ఫైలు కదులుతుంది. అన్నిటికీ పైన హైకోర్టు రిట్.

కారణం చెప్పకుండా తిప్పి పంపిన చోట అప్పీలు కంటే ముందు పనికొచ్చేది తరచూ సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయలు, 30 రోజులు. ఎవరి దరఖాస్తు ఏ కారణంతో తీసేశారు, డ్రా రిజిస్టర్‌లో ఏముంది, వెయిటింగ్ లిస్టు నుంచి ఎవరిని పిలిచారు అన్నవి కాగితం మీదికి వస్తే మిర్యాలగూడ తండ్రి లాంటివాళ్లకు వాదించడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

సమయమే ఇందులో పెద్ద శత్రువు. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. అప్పుడు ఫిర్యాదు ఇస్తే మూడు నెలలకు సెప్టెంబర్, కమిషన్ దాకా పోతే ఇంకా ముందుకు. టీసీ లేని పాపకు ఈ జాప్యం వల్ల హక్కు పోదు, సెప్టెంబర్‌లో చేర్చుకున్నా చేర్చుకోవాల్సిందే. ఈలోగా ఊరి బడిలో పేరు రాయించినంత మాత్రాన పెండింగ్‌లో ఉన్న ఫిర్యాదు చెల్లకుండా పోదు. లాటరీ పథకాల్లో మాత్రం లెక్క వేరుగా ఉంటుంది. బెస్ట్ అవైలబుల్ స్కూల్‌లో ప్రవేశం ఒకటికీ ఐదుకే. ఈ ఏడాది తప్పుగా తీసేసిన దరఖాస్తు మీద వచ్చే జూన్‌కు అనుకూలంగా ఉత్తర్వు వచ్చినా అప్పటికి పాప రెండో తరగతి వయసులో ఉంటుంది. మళ్లీ చీటీ వేయాలంటే ఐదో తరగతి దాకా ఆగాలి.